జంతుశాల దినచర్య: రామబ్రహ్మ సాన్యాల్ కృషి

జంతుప్రదర్శనశాలకు వెళ్లినవారు పులిని చూస్తారు, ఏనుగును చూస్తారు, కోతుల చేష్టలకు నవ్వుకొంటారు. ప్రొద్దుననే బోను కడిగి, తిండి తూచి పెట్టి, నిన్న తిన్నంత నేడు తిన్నదా లేదా అని గమనించే మనిషిని చూచేవారు తక్కువ. ఆ పని పైకి తేలికగానే కనబడుతుంది. అందులోని కష్టం తెలియాలంటే ఒక చిన్న ప్రశ్న వేసుకొంటే చాలు. మునుపెన్నడూ ఎరుగని ఒక జంతువును ఓడమీద తెచ్చి ఎదుట దించారనుకొందాం. అది ఏమి తింటుంది? ఎంత తింటుంది? దానికి ఎండ కావాలా, నీడ కావాలా? ఒంటరిగా ఉంచాలా, జతగా ఉంచాలా? మూలకు ముడుచుకొని పడుకొన్నప్పుడు అది నిద్రపోతున్నదా, లేక జబ్బుపడినదా?

ఇట్టి ప్రశ్నలకు నేడు గ్రంథాలలో సమాధానాలు దొరుకుతాయి. ఆ గ్రంథాలు పుట్టకముందు సమాధానం చెప్పగలిగినది ఆ జంతువు ఒక్కటే. అది నోరులేనిది. దాని నడక, నిద్ర, ఆకలి, పేడ, ఈకలు, వెండ్రుకలు — ఇవే దాని భాష. ఆ భాషను ఓపికతో చదివి, చదివినదానిని ఏరోజు కారోజు వ్రాసి ఉంచి, చివరకు ఒక శాస్త్రంగా కూర్చినవారిలో అగ్రగణ్యుడు రామబ్రహ్మ సాన్యాల్. ఈయన కలకత్తా నగరంలోని ఆలీపూర్ జంతుశాలలో 1876 నుండి 1908లో మరణించేవరకు, అనగా ముప్పది రెండు సంవత్సరాలు, పని చేశారు.

ఆలీపూర్ జంతుశాల పుట్టుక

మన దేశంలో రాజులు, నవాబులు జంతువులను పెంచడం పాత ఆచారమే. వేట చిరుతలు, ఏనుగులు, జింకలు, పక్షులు లేని రాజాస్థానం అరుదు. ఈస్టిండియా కంపెనీ కాలంలో గవర్నరు జనరల్ వెల్లస్లీ, కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున ఉన్న బారక్‌పూర్‌లో 19వ శతాబ్దం ఆరంభంలో ఒక జంతుశాలను పెట్టించాడు. దేశంలోని జంతుజాలాన్ని గురించి తెలుసుకోవాలన్నది దాని ఆశయం. కొంతకాలం ఫ్రాన్సిస్ బుకానన్ అనే ప్రసిద్ధ ప్రకృతి పరిశోధకుడు దానిని పర్యవేక్షించాడు. వెల్లస్లీ వెళ్లిపోయిన పిమ్మట శ్రద్ధ తగ్గి, అది పెద్దల వినోదస్థలంగానే మిగిలిపోయింది.

కలకత్తా నగరంలో ప్రజలందరూ చూడదగిన జంతుశాల ఉండాలని జాన్ మెక్లెలండ్ అనే శాస్త్రజ్ఞుడు 1840 ప్రాంతంలోనే సూచించాడు. 1867లో జోసెఫ్ ఫేరర్ అనే వైద్యుడు ఏషియాటిక్ సొసైటీలో ఆ సూచనను మళ్లీ లేవనెత్తాడు. తంతి తపాలా శాఖలో ఎలక్ట్రీషియనుగా ఉన్న కార్ల్ లూయీ ష్వెండ్లర్ అనే జర్మను ఇంజనీరు 1873లో దానికి గట్టి ఊతమిచ్చాడు. తాను ముచ్చటపడి పెంచుకొంటున్న జంతువులను కూడ ఇచ్చివేశాడు. బెంగాలు లెఫ్టినెంటు గవర్నరు సర్ రిచర్డ్ టెంపుల్ స్థలం మంజూరు చేయగా, టాలీ కాలువ ప్రక్కన ఆలీపూర్‌లో సుమారు 45 ఎకరాలలో తోట వెలిసింది. 1876 జనవరి 1న వేల్సు యువరాజు దానిని ప్రారంభించాడు. అదే సంవత్సరంలో ప్రజలకు ప్రవేశం లభించింది.

జంతువులు నానాదిక్కుల నుండి వచ్చాయి. జమీందారులు కొన్నిటిని కానుకగా ఇచ్చారు. టిరెట్టా బజారు అప్పట్లో పక్షులకు, జంతువులకు పేరుపొందిన అంగడి. సింగపూరు ఓడలలో మలయా, సుమత్రా దీవుల జంతువులు రేవులో దిగేవి. 1870ల చివర బారక్‌పూర్ జంతుశాలను ఎత్తివేసినప్పుడు అక్కడి జంతువులు కూడ ఇక్కడికే చేరాయి. అయోధ్య రాజ్యం పోగొట్టుకొని కలకత్తా శివార్లలోని మటియాబుర్జులో కాలం గడిపిన నవాబు వాజిద్ అలీ షాకు గొప్ప జంతుసంగ్రహం ఉండేది. 1887లో ఆయన మరణించిన తరువాత అది చెదరిపోగా, అందులో కొన్ని ఆలీపూర్‌కు వచ్చాయి.

ధనికుల విరాళాలతో కట్టడాలు లేచాయి. జంతువులు వచ్చాయి. వాటిని బ్రతికించి ఉంచే విద్య మాత్రం విరాళంగా దొరికేది కాదు.

చదువు ఆగిపోయిన వైద్యవిద్యార్థి

రామబ్రహ్మ సాన్యాల్ ముర్షిదాబాదు జిల్లాకు చెందినవారు. పాఠశాల చదువు ముగించి కలకత్తా వైద్య కళాశాలలో చేరారు. కొన్ని సంవత్సరాలు చదివిన తరువాత కంటి జబ్బు పట్టుకొన్నది. చూపు క్షీణించడంతో చదువు మానుకోవలసి వచ్చింది. పట్టా చేతికి రాలేదు. ఆనాటి మధ్యతరగతి యువకునికి ఇది చిన్న దెబ్బ కాదు.

ఆ కళాశాలలో వృక్షశాస్త్రం బోధిస్తున్న జార్జి కింగ్, శిబ్‌పూర్ వృక్షోద్యానానికి కూడ అధిపతి. ఆలీపూర్ జంతుశాలకు తోట వేసే పనిలో ఆయనకు ప్రధాన పాత్ర ఉండేది. తన పూర్వ విద్యార్థి శ్రద్ధాసక్తులు ఎరిగిన కింగ్, 1876లో ఆయనకు జంతుశాలలో ఒక చిన్న తాత్కాలికోద్యోగం ఇప్పించారు. తోటపని, కూలీల పని చూచుకొనడంతో మొదలైన ఆ కొలువు కొద్దికాలంలోనే స్థిరపడింది. కొన్ని సంవత్సరాలలో జంతుశాల సూపరింటెండెంటు పదవి ఆయన చేతికి వచ్చింది. ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే.

ఈ ఎదుగుదలలోని విశేషం తెలియాలంటే ఆ కాలపు ఉద్యోగవ్యవస్థను గుర్తు చేసుకోవాలి. శాస్త్రసంస్థలలో పై పదవులు ఐరోపావారివి. భారతీయులు గుమాస్తాలుగా, నమూనాలు సేకరించేవారుగా, చిత్రకారులుగా పని చేసేవారు. వారి శ్రమ ఎంతదైనా గ్రంథాల మీద పేరు మరొకరిది. సాన్యాల్ కూడ దొరల గౌరవసంఘం ఆజ్ఞలకు లోబడి పని చేసినవారే. అయినా ఆయన తన పరిశీలనలను తన పేరుతోనే లోకానికి అందించగలిగారు. దానికి ఆధారమైనది ప్రతిదినం ఆయన నింపిన దినచర్య.

ప్రతిదినం వ్రాసిన పుస్తకం

జంతుశాలలో ఏరోజు ఏ జంతువు వచ్చినది, ఏది ఈనినది, ఏది గుడ్లు పెట్టినది, ఏది తిండి మానినది, ఏ మందు ఇచ్చినది, ఏది చనిపోయినది — ఇవన్నీ సాన్యాల్ క్రమంగా వ్రాసిపెట్టేవారు. చూడడానికి ఇది జమాఖర్చుల చిట్టావంటిదే. కాని శాస్త్రదృష్టితో చూస్తే దాని విలువ వేరు.

ఒక ఉదాహరణ తీసుకొందాం. ఒక పక్షి ఈకలు రాల్చింది. ఒక్కసారి చూచినవాడు దానికి జబ్బు చేసినదనుకొంటాడు. మూడు సంవత్సరాల దినచర్య ముందు పెట్టుకొన్నవానికి ఆ పక్షి ప్రతి ఏడూ అదే ఋతువులో ఈకలు రాలుస్తున్నదని తెలుస్తుంది. అప్పుడు మందు ఇవ్వనక్కరలేదు. బలమైన ఆహారం ఇస్తే చాలు. ఇంకొకటి: ఒక జాతి కోతులు చలికాలం ఆరంభంలోనే ఎక్కువగా చనిపోతున్నవని లెక్క చెబితే, రోగం ముదిరేవరకు ఆగకుండా, ముందే ఈదురుగాలి తగలకుండా తడికెలు కట్టవచ్చు. జ్ఞాపకం ఈ పని చేయలేదు. మనిషికి వింతలు గుర్తుంటాయి, మామూలు సంగతులు మరపునకు వస్తాయి. జంతువుల ఆరోగ్యం తెలిసేది మామూలు సంగతులలోనే.

సాన్యాల్ వ్రాతలో మరొక గుణం ఉన్నది. బ్రతికిన జంతువులతోపాటు చనిపోయిన జంతువులను గురించి కూడ ఆయన దాపరికం లేకుండా వ్రాశారు. ఏ జాతి ఈ నేలలో నిలవదో, ఏ తిండి పనికిరాలేదో, ఏ చికిత్స ఫలించలేదో చెప్పడం తరువాతివారికి ఎంతో మేలు చేసింది. విఫలమైన ప్రయోగాన్ని దాచిపెడితే ఆ పొరపాటునే ఇంకొకరు మళ్లీ చేస్తారు. జంతుశాలలో ఆ పొరపాటుకు వెల ఒక ప్రాణం.

మందులు లేని కాలంలో వైద్యం

సాన్యాల్ పనిలో చేరిన 1876 నాటికి రోగక్రిముల సిద్ధాంతం ఇంకా పూర్తిగా నిలదొక్కుకోలేదు. క్షయరోగ క్రిమిని రాబర్ట్ కాఖ్ 1882లో కనిపెట్టాడు. ఎక్స్ కిరణాలు 1895లో వచ్చాయి. పెనిసిలిన్ జాడ తెలిసినది 1928లో. దూరం నుండి సూది పేల్చి క్రూరమృగాన్ని మత్తులో ఉంచే తుపాకి 20వ శతాబ్దం నడుమ వచ్చింది. ఇవేవీ లేకుండా పులికి వైద్యం చేయడం ఎట్లా?

ఆ పరిస్థితిలో తేలికైన మార్గం మందును మాంసంలో కలిపి పెట్టడం. జబ్బు చేసిన జంతువు తిండి మానుతుంది కనుక ఆ మార్గం కూడ తరచుగా మూసుకొనిపోయేది. అందువలన జంతుపాలకుని వైద్యమంతా జబ్బు రాకుండా చూచుకొనడంలోనే ఉండేది. నేల పొడిగా ఉండాలి. నీరు శుభ్రంగా ఉండాలి. క్రొత్తగా వచ్చిన జంతువును పాతవాటిలో వెంటనే కలపకూడదు. తిండి ఆ జాతి కడుపుకు తగినది కావాలి. వైద్య కళాశాలలో గడిపిన సంవత్సరాలు సాన్యాల్‌కు ఇక్కడ అక్కరకు వచ్చాయి. చనిపోయిన జంతువులలో కొన్ని కలకత్తాలోని ఇండియన్ మ్యూజియమునకు చేరి అక్కడి శాస్త్రజ్ఞుల పరిశోధనకు ఉపకరించేవి.

కలకత్తా శీతోష్ణస్థితి మరొక చిక్కు తెచ్చిపెట్టింది. జంతుశాలల నిర్వహణలో అనుభవమున్నవారు అప్పటికి ఐరోపావారు. 1828లో వెలిసిన లండను జంతుశాలలో ప్రధానశత్రువు చలి. అక్కడివారు తలుపులు బిగించి, పొయ్యిలు పెట్టి, జంతువులను వెచ్చగా ఉంచే ప్రయత్నం చేశారు. దక్షిణ బెంగాలులో ఆ పద్ధతి ప్రాణాంతకం. ఇక్కడ వేసవిలో ఉక్క, వానకాలంలో నెలల తరబడి తేమ, బూజు, పురుగు. శీతకాలపు రాత్రులలో మాత్రం వేడిదేశపు సున్నితమైన జంతువులు వణికేటంత చలి. ఒకే గూడు మూడు కాలాలకు తట్టుకోవాలి. దీనికి లండను గ్రంథాలు దారి చూపలేవు. స్థానికానుభవం నుండి స్థానికశాస్త్రం పుట్టవలసిందే.

1889లో పుట్టిన ఖడ్గమృగపు పిల్ల

సాన్యాల్ పేరు జంతుశాస్త్ర చరిత్రలో నిలవడానికి కారణమైన సంఘటన 1889 జనవరిలో జరిగింది. ఆలీపూర్‌లో ఒక సుమత్రా ఖడ్గమృగం పిల్లను ఈనింది.

ప్రపంచంలో ఇప్పుడు మిగిలి ఉన్న ఖడ్గమృగ జాతులు ఐదు. వాటిలో సుమత్రా ఖడ్గమృగం అన్నిటికంటె చిన్నది. దీనికి రెండు కొమ్ములు. ఒంటిమీద వెండ్రుకలు కనబడతాయి. ఆ కాలంలో ఇది సుమత్రా, బోర్నియో దీవులలోనే కాక మలయా, బర్మా, చిట్టగాంగ్ కొండల వరకు వ్యాపించి ఉండేది. అడవిలో పట్టుబడేనాటికే గర్భంతో ఉన్న ఆడజంతువు ఒకటి 1872లో లండను రేవులో ఓడమీద ఈనింది. ఆలీపూర్ సంగతి వేరు. ఇక్కడ జంతువులు మనుషుల సంరక్షణలో ఉండగానే జతకట్టాయి, చూలు నిలిచింది, పిల్ల పుట్టింది. ఈ జాతిలో అట్లా జరగడం అదే మొదటిసారి.

ఇది ఎంతటి అరుదైన విషయమో లోకానికి తెలిసిరావడానికి ఒక శతాబ్దం పట్టింది. అడవులు నరికివేతకు గురై, కొమ్ముల కోసం వేట సాగి, సుమత్రా ఖడ్గమృగం నశించిపోయే స్థితికి చేరినప్పుడు, 1984 నుండి 1996 వరకు నలుబది జంతువులను అడవుల నుండి పట్టి జంతుశాలలలో సంతానవృద్ధికి ఉంచారు. ఫలితం విషాదకరమైంది. వాటిలో చాలా జంతువులు చనిపోయాయి. జతకట్టించి పిల్లను పొందడం ఒక్కచోట కూడ సాధ్యం కాలేదు.

లోపం ఎక్కడున్నది? మొదటి చిక్కు తిండిలో ఉన్నది. అమెరికాలో ఈ జంతువులకు ఎండుగడ్డి ప్రధానాహారంగా పెట్టారు. ఇవి గడ్డి మేసే జంతువులు కావు, అడవిలో ఆకులు, లేతరెమ్మలు తినేవి. అత్తిజాతి చెట్ల ఆకులు పెట్టడం మొదలుపెట్టిన పిమ్మట సిన్సినాటి జంతుశాలలోని జంతువులు కోలుకొన్నాయి. మన మర్రి, రావి, మేడి ఆ జాతి చెట్లే. ఆ ఆకులను దూరప్రాంతాల నుండి విమానాలలో తెప్పించవలసి వచ్చింది. ఒక జంతువు ఏ ఆకు తింటుందనే సంగతి ఎంత పెద్దదో ఇక్కడ తెలుస్తుంది.

రెండవ చిక్కు శరీరధర్మానికి సంబంధించినది. శబ్దాతీత తరంగాలతో శరీరం లోపలి భాగాలను చూచే యంత్రంతోను, రక్తంలోని హార్మోనుల పరీక్షలతోను సిన్సినాటి శాస్త్రజ్ఞులు 1990లలో ఒక రహస్యాన్ని కనుగొన్నారు. అనేక జంతువులలో అండం నియమిత కాలంలో తనంతట తానే విడుదల అవుతుంది. సుమత్రా ఖడ్గమృగంలో ఆడ, మగ జతకట్టిన తరువాతనే అండం విడుదల అవుతుంది. ఇవి సామాన్యంగా ఒంటరిగా తిరిగే జంతువులు. సరియైన రోజు తెలియకుండా దగ్గర చేరిస్తే పోట్లాడి గాయపరచుకొంటాయి. రోజు తెలిసిన తరువాత కూడ అక్కడి ఎమీ అనే ఆడజంతువుకు వరుసగా ఐదుసార్లు గర్భం నిలువలేదు. ప్రొజెస్టరోన్ అనే హార్మోను ఇచ్చిన పిమ్మట నిలిచింది. 2001 సెప్టెంబరు 13న పిల్ల పుట్టింది. దానికి అందలాస్ అని పేరు పెట్టారు. ఆలీపూర్ పిల్లకు, ఈ పిల్లకు మధ్య 112 సంవత్సరాలు గడిచాయి.

అందలాస్‌ను పెద్దయిన తరువాత సుమత్రాకు తరలించారు. అక్కడి సంరక్షణకేంద్రంలో 2012 జూన్ 23న దానికి సంతానం కలిగింది. ఈ జాతిలో ఇప్పుడు మొత్తం మీద మిగిలినవి వందలోపే.

సాన్యాల్ వద్ద ఆ యంత్రం లేదు, హార్మోను అనే మాట కూడ అప్పటికి పుట్టలేదు. అండోత్పత్తి రహస్యం ఆయనకు తెలిసే అవకాశమే లేదు. ఆ కాలపు గ్రంథాలలో ఈ జంతువు గర్భం మోసే కాలం ఏడెనిమిది నెలలని ఉండేది. నిజానికి అది పదిహేను, పదహారు నెలలు. శాస్త్రం ఇట్లా తప్పులు దిద్దుకొంటూనే నడుస్తుంది. మనుషుల సంరక్షణలో ఈ జంతువు సంతతిని పొందగలదనడానికి ఒక శతాబ్దం పాటు లోకానికి ఉన్న సాక్ష్యం ఆలీపూర్ పిల్ల ఒక్కటే.

1892 నాటి కరదీపిక

పదహారు సంవత్సరాల అనుభవాన్ని సాన్యాల్ 1892లో ఒక గ్రంథంగా వెలువరించారు. 'దక్షిణ బెంగాలులో నిర్బంధంలో ఉన్న జంతువుల పోషణకు కరదీపిక' అని దాని ఇంగ్లీషు పేరుకు అర్థం. కలకత్తాలో ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయిన ఈ గ్రంథంలో 241 రకాల క్షీరదాలను గురించి, 402 రకాల పక్షులను గురించి వివరాలు ఉన్నాయి.

గ్రంథం అమరిక పాఠశాల విద్యార్థులు కూడ గమనించదగినది. మొదట జంతువు ఏ క్రమానికి, ఏ కుటుంబానికి చెందినదో చెప్పి, దాని రూపాన్ని, అది నివసించే దేశాన్ని వర్ణించడం. తరువాత ఆరోగ్యంగా ఉన్నప్పటి పోషణ: గూడు, ఆహారం, సంతానోత్పత్తి, ఒకచోటినుండి మరొకచోటికి తరలించే పద్ధతి. ఆ తరువాత జబ్బు చేసినప్పటి చికిత్స. చివర ఆ జంతువు స్వభావాన్ని గురించి స్వయంగా చూచిన సంగతులు. జంతువు మారినా ప్రశ్నల వరుస మారదు. అందువలన ఒక జాతిని మరొక జాతితో పోల్చి చూడడం సుళువు అవుతుంది. తెలియనిచోటు ఎక్కడ ఉన్నదో కూడ వెంటనే కనబడుతుంది.

లండను నుండి వెలువడే 'నేచర్' అనే సుప్రసిద్ధ శాస్త్రపత్రిక ఆ సంవత్సరమే ఈ గ్రంథాన్ని సమీక్షించింది. ఐరోపాలోని పెద్ద జంతుశాలలకు కూడ అప్పటికి ఇంత సమగ్రమైన గ్రంథం లేదు. అమెరికాలో బ్రాంక్సు జంతుశాలలో 1908లో చేరి, నాలుగు దశాబ్దాలకు పైగా పని చేసిన లీ క్రాండల్ అనే జంతుపాలకుడు అడవి క్షీరదాల పోషణపై ఇట్టి బృహద్గ్రంథాన్ని ప్రకటించినది 1964లో. సాన్యాల్ మరణించిన సంవత్సరంలోనే క్రాండల్ కొలువులో చేరడం ఒక యాదృచ్ఛికం.

సాన్యాల్ 1896లో సామాన్యపాఠకుల కోసం ప్రకృతిని గురించి మరొక పుస్తకం వ్రాశారు. లండను జంతుశాస్త్ర సంఘం ఆయనను తన విదేశ సభ్యులలో చేర్చుకొన్నది. ఆ సంఘం సంచికలలో ఆయన పరిశీలనలు అచ్చయ్యాయి. 1898లో ఆయన ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలో జరిగిన అంతర్జాతీయ జంతుశాస్త్ర మహాసభలో పాల్గొన్నారు. ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. చూపు చాలక వైద్యపట్టా పొందలేకపోయిన వ్యక్తికి చూచి వ్రాసిన వ్రాతలే ఈ గౌరవాన్ని తెచ్చిపెట్టాయి.

1890ల చివర స్వామి వివేకానంద తన శిష్యులతో ఆలీపూర్ జంతుశాలను దర్శించినప్పుడు సాన్యాల్ స్వయంగా వెంట ఉండి జంతువులను చూపించారు. జీవపరిణామాన్ని గురించి, డార్విన్ సిద్ధాంతాన్ని గురించి వారిద్దరి నడుమ జరిగిన చర్చను స్వామి శిష్యుడు ఒకరు గ్రంథస్థం చేశారు. జంతుశాలను చూడవచ్చినవారికి వినోదంతోపాటు ఆలోచనకూడ కలిగించాలనే సాన్యాల్ తలపునకు ఇది ఒక నిదర్శనం.

నాటి పద్ధతి, నేటి దృష్టి

ఆనాటి జంతుశాలను నేటి కొలబద్దతో కొలిస్తే లోపాలు కనబడతాయి. బోనులు ఇరుకు. ఒక్కొక్క జాతిలో ఒకటి రెండు జంతువులే ఉండేవి. ఒకటి చనిపోతే అడవినుండి ఇంకొకటి తెచ్చుకోవచ్చుననే ధీమా ఉండేది. రెండు వేరు జాతుల కోతులకు పుట్టిన సంకర సంతానాన్ని గురించి సాన్యాల్ లండను సంఘానికి ఒక వ్యాసం పంపారు. ఆ కాలానికి అది ఆసక్తికరమైన పరిశీలన. జాతుల స్వచ్ఛతను కాపాడడం ముఖ్యమని గుర్తించిన నేటి జంతుశాలలు సంకరాలను ప్రోత్సహించవు.

అడవి తరగని గని అనే నమ్మకం ఎంత ప్రమాదకరమో ఒక పక్షి కథ చెబుతుంది. ఆ కాలంలో కలకత్తా బజారులో గులాబిరంగు తల గల ఒక బాతు అప్పుడప్పుడు అమ్మకానికి వచ్చేది. గంగాతీరపు చిత్తడి నేలలు దాని నివాసం. వేటగాండ్రు పట్టి తెచ్చేవారు, కొనేవారు కొనేవారు. పెంపకంలో అది ఎన్నడూ పిల్లలను పొదగలేదు. 1935 తరువాత ఆ పక్షి అడవిలో కనబడినట్లు నమ్మదగిన ఆధారం లేదు. బజారులో అమ్ముడైన పక్షి పటాలలో మిగిలింది. దాని సంతానోత్పత్తికి ఏమి కావాలో తెలుసుకొనే అవకాశం దానితోనే పోయింది.

ఈ కారణం చేతనే జంతుశాలల ఆశయం 20వ శతాబ్దంలో మారింది. అడవినుండి జంతువులను తెచ్చి చూపే చోటు, అంతరించిపోతున్న జాతులను వృద్ధి చేసి వీలైతే అడవికి తిరిగి పంపే చోటుగా మారవలసి వచ్చింది. మన దేశంలో 1992లో కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ ఏర్పడి జంతుశాలలకు నియమాలు నిర్ణయించింది. ప్రతి జంతువు పుట్టుక, మరణం, చికిత్స వ్రాసి ఉంచడం ఆ నియమాలలో ఒకటి. సాన్యాల్ తన ఇచ్చతో చేసిన పని ఇప్పుడు విధి అయినది.

హైదరాబాదులో 1963 అక్టోబరులో ప్రారంభమైన నెహ్రూ జంతుప్రదర్శనశాలలో ఈ మార్పుకు మంచి ఉదాహరణ ఉన్నది. మన అడవులలో కుందేలంత పరిమాణంలో ఉండే మూషికజింకను వృద్ధి చేసే కార్యక్రమం అక్కడ 2010లో మొదలయింది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి చెందిన శాస్త్రజ్ఞులు ఇందులో పాలుపంచుకొన్నారు. అట్లా పుట్టిన జింకలను పిమ్మట నల్లమలలోని ఆమ్రాబాద్ అడవులలో విడిచిపెట్టారు. ఎంత పెద్ద ప్రయోగశాల ఉన్నా, ఈ పనికి ఆధారం ప్రతి ఉదయం జంతువును చూచి, తిన్నదెంతో, మిగిల్చినదెంతో వ్రాసే పాలకుడే.

సాన్యాల్ 1908 అక్టోబరు 13న మరణించారు. ఆయన కొలువులో చేరిన తొలినాళ్లలోనే ఆలీపూర్‌కు వచ్చిన అల్డాబ్రా జాతి తాబేలు ఒకటి అక్కడ చాలాకాలం బ్రతికి 2006 మార్చిలో మరణించింది. అద్వైత అని దానికి పేరు. అది రాబర్టు క్లైవు కాలం నాటిదని చెప్పుకొనేవారు. ఆ మాట ఎంతవరకు నిజమో రుజువు చేయడానికి తగిన వ్రాతలు లేవు. దాని పుట్టుకను వ్రాసి ఉంచినవారు ఎవరూ లేకపోవడమే దీనికి కారణం.

విద్యార్థులకు ఇందులో అనుసరించదగిన మార్గం ఒకటి ఉన్నది. పరిశీలనకు అలవాటు పడడానికి పులులు, ఖడ్గమృగాలు అక్కరలేదు. పెరటిలోని కోడి ఎన్ని గుడ్లు పెట్టి ఎన్ని రోజులు పొదిగినది, పాఠశాల చూరులోని పిచ్చుక ఏ నెలలో గూడు కట్టినది, చెరువుకు కొంగలు ఏ వారంలో వచ్చి ఏ వారంలో వెళ్లినవి అని తేదీలతో వ్రాసిపెట్టుకొంటే, రెండు మూడు సంవత్సరాలలో అది ఆ ఊరి ప్రకృతికి నమ్మదగిన రికార్డు అవుతుంది. ఉపాధ్యాయులు తరగతికి ఒక పుస్తకం కేటాయించి, ఈ సంవత్సరపు విద్యార్థులు వ్రాసినదానిని వచ్చే సంవత్సరపు విద్యార్థులకు అప్పగించవచ్చు. ఖర్చు ఒక నోటుపుస్తకం, ఒక కలం.